కొండవాసులకు మెట్టు మెట్టునా గండమే!

* నగర ప్రణాళికల్లో కానరాని కాలిబాట
* వాన కురిస్తే కాలువలను తలపిస్తున్న మెట్లదారులు
* అంబులెన్సు, గ్యాసు బండి దిగువనే నిలిచిపోతున్న వైనం
* రోప్‌వేల కంటే ముందు రెయిలింగులు అవసరం

విజయవాడ: నగరం అభివృద్ధి చెందుతోందనడానికి ఫ్లైఓవర్లను, వెడల్పాటి రహదారులను, కూడళ్లను నిదర్శనాలుగా చూపడం పరిపాటి అయింది. కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో ప్రారంభమైన నాటి నుంచి ఇంద్రకీలాద్రి పాదం వద్ద వాహనాల రద్దీ కొంతమేర తగ్గింది. చిట్టినగర్ వద్ద దశాబ్దాల క్రితమే కొండను తొలిచి నిర్మించిన సొరంగం అటు విద్యాధరపురం, భవానీపురం ప్రాంతాలకు వాహనాల ప్రయాణ దూరాన్ని తగ్గించింది. వాహనం కోసం కొండను తొలిచారు, వాహనం కోసం కొండ పక్కనే వంతెన కట్టారు. అదే కొండపై నివసిస్తూ ప్రతి దినం కాలినడకన ఎక్కి దిగే వేలాది కుటుంబాల దారి మాత్రం ఇరుకు మెట్లు, విరిగిన అంచులు, వెలగని దీపాల నడుమనే మిగిలిపోయింది.

గొల్లపాలెం గట్టు, చిట్టినగర్, విద్యాధరపురం, మొగల్రాజపురం, క్రీస్తురాజపురం, మాచవరం, గుణదల... పేర్లు వేరైనా ఈ కొండ ప్రాంతాలన్నింటి కథ ఒకటే. కూలీలు, ఇళ్లలో పనిచేసే మహిళలు, ఆటో కార్మికులు, చిరు వ్యాపారులు, దుకాణాల్లో గుమాస్తాలు ఇక్కడి నివాసులలో అధికులు. నగరాన్ని నడిపించే శ్రమలో సింహభాగం ఈ కొండల నుంచి ఉదయం దిగి, సాయంత్రం తిరిగి ఎక్కుతుంది. వీరి రాకపోకలకు ఆధారమైన మెట్లదారిని రవాణా వ్యవస్థలో భాగంగా పరిగణించకపోవడమే సమస్యకు మూలమన్న వాదనకు 2024 నాటి విపత్తు తర్వాత మరింత బలం చేకూరింది.

కొండ ఎక్కక తప్పని పరిస్థితి

విజయవాడ భౌగోళిక స్వరూపమే విలక్షణమైనది. ఒకవైపు కృష్ణా నది, మరోవైపు బుడమేరు, మధ్యలో తూర్పు కనుమల శ్రేణికి చెందిన కొండలు, వాటి చుట్టూ మూడు ప్రధాన కాలువలు. 1855లో ఆనకట్ట, ఆ పిమ్మట రైల్వే జంక్షను ఏర్పడటంతో పట్టణం విస్తరించింది. 1888లో పురపాలక సంఘంగా ఏర్పడిన ఈ పట్టణం 1981లో నగరపాలక సంస్థ స్థాయికి ఎదిగింది. 2011 జనాభా లెక్కల నాటికే నగర జనాభా పది లక్షలు దాటింది. పల్లెల నుంచి ఉపాధి వెతుక్కుంటూ వచ్చిన వారికి మైదానంలో స్థలం కొనే స్తోమత లేదు. పల్లపు ప్రాంతాలకు వెళితే బుడమేరు ముంపు భయం. మిగిలింది కొండ వాలు. రాయి పగలగొట్టి, మట్టి చదును చేసి, రేకుల ఇల్లు వేసుకుని, క్రమంగా దానినే డాబాగా మార్చుకున్న కుటుంబాలు ఎన్నో.

ఇళ్లు ముందు వచ్చాయి, దారులు తర్వాత వచ్చాయి. ఇంటికీ ఇంటికీ నడుమ మిగిలిన సందే మెట్లదారి అయింది. పురపాలక అధికారులు ఆనక వచ్చి ఆ సందులోనే కాంక్రీటు పోశారు. తాగునీటి గొట్టం, మురుగు కాలువ, విద్యుత్తు స్తంభం, కేబుల్ తీగ అన్నీ ఆ మూడు, నాలుగు అడుగుల వెడల్పులోనే సర్దుకోవలసి వచ్చింది. కొన్నిచోట్ల స్తంభం మెట్టు నడిమధ్యనే నిలిచి ఉండగా, మరికొన్ని చోట్ల నీటి గొట్టాలు మెట్ల మీదుగానే సాగుతున్నాయి. రాత్రివేళ కాలికి తగిలే గొట్టం, కంటికి కానరాని మెట్టు ఎంతటి ప్రమాదమో చెప్పనవసరం లేదు.

పన్నెండు అంతస్తుల లెక్క

కొండవాసి రోజువారీ శ్రమ ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక్కో మెట్టు ఎత్తు సగటున 18 సెంటీమీటర్లు అనుకుంటే, 200 మెట్లు ఎక్కడమంటే 36 మీటర్ల ఎత్తుకు చేరడం. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున ఇది పన్నెండు అంతస్తుల భవనంతో సమానం. అంత ఎత్తయిన అపార్టుమెంటును లిఫ్టు లేకుండా నిర్మించడానికి ఏ నగరపాలక సంస్థా అనుమతి ఇవ్వదు. కొండ మీద మాత్రం వృద్ధులు, గర్భిణులు, బడి సంచులు మోసే పసివారు ఆ ఎత్తును ప్రతి దినం ఎక్కి దిగుతూనే ఉన్నారు.

ఒట్టి చేతులతో ఎక్కడం ఒక ఎత్తయితే, బరువుతో ఎక్కడం మరో ఎత్తు. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ఇనుప బండ బరువు కూడా కలిపితే 30 కిలోలకు చేరువవుతుంది. సిలిండరు బండి మెట్ల మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి భుజాన వేసుకుని ఎక్కాలి, లేదా పైకి చేర్చినందుకు అదనంగా ముట్టజెప్పాలి. ఇసుక బస్తా, సిమెంటు బస్తా, బియ్యం మూట, చివరకు మంచం, బీరువా కూడా ఇదే తీరు. మైదానంలో ఇల్లు కట్టుకునే పేదకు, కొండపై కట్టుకునే పేదకు నడుమ ఖర్చులో వ్యత్యాసం ఈ మోత కూలి వద్దే మొదలవుతుంది. నీటి సరఫరా అంతరాయం కలిగిన రోజున ట్యాంకరు కూడా దిగువనే నిలుస్తుంది. 15 లీటర్ల బిందె అంటే 15 కిలోలు. ఆ బరువును మోసేది చాలావరకు మహిళలే.

అత్యవసర వేళ ఈ వ్యత్యాసం ప్రాణాల మీదికి వస్తుంది. 2005లో రాష్ట్రంలో ప్రారంభమైన 108 సేవలు ఎందరికో ప్రాణదానం చేశాయి. అయితే వాహనం ఎంత త్వరగా వచ్చినా రోగి ఆ వాహనం వద్దకు చేరేసరికి గడిచే సమయం ఏ లెక్కలోకీ రావడం లేదు. గుండెనొప్పి వచ్చిన వ్యక్తిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని దించడం, పురిటి నొప్పులు పడుతున్న మహిళను మెల్లగా నడిపించుకుని రావడం కొండ ప్రాంతాల్లో తెలియని వారు లేరు. మలుపు వద్ద స్ట్రెచర్ తిరగనంత ఇరుకు దారుల్లో అంతకు మించి చేయగలిగింది లేదు. మన్యంలో డోలీ మోతలపై పత్రికల్లో వార్తలు వస్తాయి, చర్చలు సాగుతాయి. నగరం నడిబొడ్డున సాగే కుర్చీ మోతల గురించి ఆ పాటి చర్చ కూడా లేదు.

నడవలేని స్థితికి చేరిన వృద్ధుల పరిస్థితి మరింత దయనీయం. మోకాళ్ల నొప్పులు తీవ్రమైన తర్వాత వారు కొండ దిగడం దాదాపు మానేస్తారు. ఆసుపత్రికి, బ్యాంకుకు, గుడికి, బంధువుల ఇంట శుభకార్యానికి వెళ్లాలన్నా మరొకరి సాయం కావలసిందే. పింఛను ఇంటి వద్దకే వస్తున్నందున ఒక కష్టం తీరింది. 2025 జూన్ నుంచి చౌక దుకాణాల పద్ధతి తిరిగి వచ్చినప్పటికీ 65 ఏళ్లు దాటిన వారికి, దివ్యాంగులకు రేషన్ సరకులు ఇంటికే అందించాలన్న నిబంధన ఉండటం కొంత ఊరట. సేవను ఇంటికి చేర్చడం అవసరమే గానీ, మనిషి ఇల్లు దాటి రాగలిగే హక్కుకు అది ప్రత్యామ్నాయం కాజాలదు.

కొలత తప్పిన మెట్టు

మెట్లు ఎక్కడం కంటే దిగడంలోనే ప్రమాదం ఎక్కువ. తొలి రెండు, మూడు మెట్లు దిగగానే కాలు ఆ ఎత్తుకు అలవాటు పడుతుంది. తర్వాతి మెట్టు కూడా అంతే ఉంటుందన్న నమ్మకంతో అడుగు పడుతుంది. మధ్యలో ఒక మెట్టు రెండు అంగుళాలు ఎక్కువో, తక్కువో అయితే అడుగు తడబడుతుంది. కొండ ప్రాంతాల్లో ఒక్కో భాగం ఒక్కో కాలంలో, ఒక్కో గుత్తేదారు చేతిలో నిర్మాణమైనందున మెట్ల ఎత్తు, వెడల్పు ఎక్కడికక్కడ మారిపోతుంటాయి. పాత మెట్లను తొలగించకుండా వాటిపైనే కాంక్రీటు పొర వేయడం వల్ల కొలతలు మరింత అస్తవ్యస్తమయ్యాయి.

కొలతలు ఎలా ఉండాలో తెలియక జరుగుతున్న లోపం కాదిది. జనం గుమికూడే భవనాల్లో మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదని, అడుగు మోపే వెడల్పు 30 సెంటీమీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ స్మృతి నిర్దేశిస్తోంది. నివాస గృహాల్లోనైతే ఇవి వరుసగా 19, 25 సెంటీమీటర్లు. కాలిబాటల వెడల్పు, రెయిలింగు, వీధిదీపాలు, దివ్యాంగుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేక మార్గదర్శకాలను రూపొందించి 2022లో వాటిని సవరించింది. కొండ వాలులో ఆ కొలతలన్నీ అమలు చేయడం సాధ్యం కాకపోవచ్చు. కనీసం ఒక వరుసలోని మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండటం, పది పన్నెండు మెట్లకొకసారి నిలబడి ఊపిరి పీల్చుకునేందుకు చదునైన అరుగు ఉండటం, ఒక పక్కన చేతికి ఆసరాగా ఇనుప రెయిలింగు ఉండటం అసాధ్యమైన కోరికలేమీ కావు.

మరో ముఖ్య విషయం ఏమంటే మెట్లపై జారి పడిన వారి వివరాలు రోడ్డు ప్రమాదాల గణాంకాల్లో చేరవు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు మృతి చెందినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వెల్లడించింది. ఇవన్నీ వాహనాల ప్రమేయం ఉన్న ప్రమాదాలు. పాచి పట్టిన మెట్టుపై జారి తుంటి ఎముక విరిగిన వృద్ధురాలు ఏ రికార్డుకూ ఎక్కదు. లెక్కలో లేని ప్రమాదానికి నిధుల కేటాయింపూ ఉండదు.

వాన వస్తే దారే కాలువ

వేసవిలో ఎండకు కాలే బండ, వర్షాకాలంలో ఉరకలెత్తే నీరు... కొండవాసికి ఏడాది పొడవునా ఏదో ఒక ఇబ్బంది. కొండపై కురిసిన వాన నీరు దిగువకు చేరేందుకు సరైన కాలువ లేని చోట అది మెట్లదారినే మార్గంగా ఎంచుకుంటుంది. చిన్నపాటి వర్షానికే మెట్లపై నీరు ధార కట్టి, మట్టి, చెత్త, గులకరాళ్లు కొట్టుకు వస్తాయి. పక్కనున్న సైడు కాలువలు చెత్తతో పూడిపోతే మురుగు కూడా దానితో కలుస్తుంది. నీరు నిత్యం ప్రవహించే చోట కాంక్రీటు కింద మట్టి కోతకు గురై మెట్లు లోపల డొల్లగా మారుతాయి. పైకి గట్టిగా కనిపించే మెట్టు ఒక్కసారిగా కుంగిపోవడానికి కారణం ఇదే.

దీని పరాకాష్ఠ 2024 ఆగస్టు 31న కనిపించింది. ఆనాటి కుండపోత వర్షానికి మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ సమీపంలో కొండచరియలు విరిగి ఇళ్లపై పడటంతో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ మరుసటి రోజుకే బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు నీట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లింది. పల్లంలో ఉన్నవారికి నీటి గండం, కొండపై ఉన్నవారికి రాతి గండం ఒకే వాన తెచ్చిపెట్టింది. అంతకు ముందు 2020 అక్టోబరులో దసరా ఉత్సవాల వేళ ఇంద్రకీలాద్రిపై కూడా కొండచరియలు విరిగిపడిన సంగతి పాఠకులకు విదితమే.

విపత్తు వేళ మెట్లదారి ఒక్కటే బయటపడే మార్గం. ఆ దారే నీటి ప్రవాహంతో నిండి ఉంటే, విద్యుత్తు నిలిచి చీకటి అలముకుంటే, ఇళ్లు ఖాళీ చేయండంటూ అధికారులు మైకుల్లో చేసే హెచ్చరికలకు అర్థం ఉండదు. వృద్ధులను, పిల్లలను తీసుకుని ఆ మెట్లు దిగడం కంటే ఇంట్లోనే ఉండటం మేలని కుటుంబాలు భావించడం సహజం. అందువల్ల మెట్లదారిని బాగు చేయడం సౌకర్యానికి సంబంధించిన పనిగా మాత్రమే గాక, ప్రాణ రక్షణ చర్యగా చూడవలసి ఉంది.

రోడ్డు వేస్తే సరిపోతుందా?

కొండ ప్రాంతాల్లో ఎన్నికల వేళ ప్రధానంగా వినిపించే హామీ రోడ్డు. ఆటో ఇంటి ముందుకు రావాలన్న కోరిక న్యాయమైనదే. అయితే నిటారు వాలులో వాహనం వెళ్లే రోడ్డు వేయాలంటే కొండను అడ్డంగా కోయాలి. మలుపుల కోసం ఇళ్లు తొలగించాలి. కోసిన చోట కొండ పాదం బలహీనపడి, పైనున్న వదులు మట్టి, రాళ్లు జారేందుకు ఆస్కారం ఏర్పడుతుంది. ఎండకు వ్యాకోచించి, వానకు తడిసి, పగుళ్లలోకి నీరు చేరి శిథిలమైన శిల పైకి చూసేందుకు గట్టిగా ఉన్నా లోపల పటుత్వం కోల్పోయి ఉంటుంది. ఇళ్ల పునాదుల కోసం, దారుల కోసం ఇష్టారీతిన సాగిన తవ్వకాలు ఈ ముప్పును పెంచాయి. రక్షణ గోడ లేకుండా, నీరు పోయే కాలువ లేకుండా వేసే రోడ్డు నేటి అవసరం తీర్చి రేపటి ప్రమాదానికి బాట వేస్తుంది.

అలాగని మెట్లతోనే సరిపెట్టుకొమ్మనడం కూడా సమంజసం కాదు. మెట్లు ఎంత చక్కగా ఉన్నా చక్రాల కుర్చీలో ఉన్న వ్యక్తికి అవి గోడతో సమానం. దివ్యాంగులకు అనువైన ఏటవాలు బాట ప్రమాణం ఒకటికి పన్నెండు. అంటే ఒక మీటరు ఎత్తు ఎక్కేందుకు పన్నెండు మీటర్ల పొడవైన బాట కావాలి. 36 మీటర్ల ఎత్తుకు ఈ లెక్కన 432 మీటర్ల బాట, దానికి తోడు మధ్యలో విశ్రాంతి అరుగులు అవసరమవుతాయి. ఇరుకు కొండపై ఇది దాదాపు అసాధ్యం. కనుక ఎంపిక చేసిన కొన్ని చోట్ల లిఫ్టు వంటి యాంత్రిక సౌకర్యం గురించి ఆలోచించక తప్పదు. ఎక్కడ ఏది అన్నది స్థలాన్ని బట్టి నిర్ణయం కావాలి. కొండంతటికీ ఒకే మందు పనికిరాదు.

భక్తుల దారి చెప్పే పాఠం

మెట్లదారిని సురక్షితంగా తీర్చిదిద్దడం తెలుగు నేలకు కొత్త విద్య కాదు. తిరుమలకు అలిపిరి నుంచి సుమారు 9 కిలోమీటర్ల కాలిబాటలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2.1 కిలోమీటర్ల దూరంలో 2,388 మెట్లు ఉన్నాయి. ఎండావానల నుంచి రక్షణకు పైకప్పు, దీపాలు, తాగునీరు, మరుగుదొడ్లు, వైద్య సహాయం, భద్రతా సిబ్బంది ఆ మార్గాల్లో కనిపిస్తారు. 2023 ఆగస్టులో అలిపిరి మార్గంలో చిరుత దాడిలో ఒక బాలిక మృతి చెందిన తర్వాత పిల్లలతో వచ్చే భక్తుల రాకపోకలపై వేళల ఆంక్షలు, అదనపు భద్రతా చర్యలు చేపట్టారు. లోపం బయటపడిన వెంటనే సరిదిద్దే యంత్రాంగం అక్కడ ఉంది.

విజయవాడలోనూ ఇంద్రకీలాద్రికి ఘాట్ రోడ్డు, మెట్లమార్గం, క్యూలైన్ల పైకప్పులు ఉన్నాయి. దసరా, భవానీ దీక్షల విరమణ వేళల్లో లక్షల మందిని కొండ ఎక్కించి దించే ఏర్పాట్లు యంత్రాంగం చేస్తోంది. గుణదల మేరీమాత ఉత్సవాల్లోనూ ఫిబ్రవరి మాసంలో కొండ ఎక్కే భక్తులకు ఏర్పాట్లు జరుగుతాయి. ఏడాదికొకసారి వచ్చే యాత్రికుని పాదానికి లభిస్తున్న ఆ శ్రద్ధలో కొంత భాగమైనా అదే కొండల వాలుపై 365 రోజులూ నడిచే నివాసి పాదానికి దక్కాలని కోరడంలో తప్పేమీ లేదు. ఆలయ ఆదాయం వేరు, పురపాలక ఆదాయం వేరన్నది వాస్తవమే అయినా, సాంకేతిక పరిజ్ఞానం, నిర్వహణ పద్ధతి రెండు చోట్లా ఒకటే.

విశాఖపట్నంలోనూ ఇదే చిత్రం గోచరిస్తుంది. హనుమంతవాక, ఆరిలోవ వంటి చోట్ల కొండ వాలుల్లో ఇళ్లు దట్టంగా వెలిశాయి. ఆ నగరంలో కైలాసగిరి పైకి పర్యాటకుల కోసం రోప్‌వే నడుస్తోంది. కొండపై నివాసముండే కార్మికుని కోసం అటువంటి ఏర్పాటు ఏదీ లేదు.

అక్కడ ఎలా సాధించారు?

ప్రపంచంలోని పలు కొండ నగరాలు ఈ సమస్యకు తమవైన పరిష్కారాలు కనుగొన్నాయి. కొలంబియా దేశంలోని మెడెలిన్ నగరంలో పేదలు నివసించే కొండవాడలకు 2004లో తీగ మార్గం వేశారు. దానిని విహార యాత్రల కోసం గాక, నగర మెట్రో రైలుకు అనుసంధానంగా నిర్మించడం విశేషం. హింసకు నిలయంగా పేరుపడిన ‘కొమ్యూనా 13’ వాడలో 2011 డిసెంబరులో ఆరుబయటే ఎస్కలేటర్లు ఏర్పాటు చేశారు. సుమారు 384 మీటర్ల పొడవున ఆరు భాగాలుగా సాగే ఈ మెట్లు, 28 అంతస్తుల భవనంతో సమానమైన ఎత్తును ఎక్కే శ్రమను తప్పించాయి.

హాంకాంగ్‌లో 1993లో ప్రారంభమైన ఎస్కలేటరు మార్గం 800 మీటర్లకు పైగా పొడవు, 135 మీటర్ల ఎత్తు కలిగి ఉంది. ఉదయం పనులకు వెళ్లే వేళ కిందికి, ఆ తర్వాత అర్ధరాత్రి వరకు పైకి నడిచేలా దానిని రూపొందించారు. జనం ఏ వేళలో ఎటు కదులుతారో గమనించి యంత్రాన్ని అందుకు అనుగుణంగా తిప్పడం అందులోని కిటుకు.

మన దేశంలో సిమ్లా అనుభవం పరిశీలించదగినది. దిగువన కార్ట్ రోడ్డు నుంచి ఎగువన మాల్ రోడ్డుకు పర్యాటక సంస్థ నిర్వహణలో లిఫ్టు నడుస్తోంది. మాల్ రోడ్డుపై సాధారణ వాహనాలకు ప్రవేశం లేదు. రోడ్డు వినియోగదారులు, పాదచారుల భద్రత కోసం 2007లో అక్కడ ప్రత్యేక చట్టమే తెచ్చారు. మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో ఇళ్ల నడుమ సాగే మెట్లదారులు నగర జీవనంలో విడదీయరాని భాగం.

అయితే యంత్రాలు తెచ్చినంత మాత్రాన సరిపోదనడానికి కూడా ఉదాహరణలున్నాయి. చిలీలోని వాల్పరైజో నగరంలో 1883 నుంచి కొండ ఎక్కే పెట్టె బండ్లు సుమారు 30 వరకు వెలిశాయి. నిర్వహణ భారమై కాలక్రమంలో వాటిలో చాలా భాగం మూతపడ్డాయి. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1885 నుంచి నడుస్తున్న గ్లోరియా బండి 2025 సెప్టెంబరు 3న ఇనుప తాడు తెగి దూసుకుపోవడంతో 16 మంది మృతి చెందారు. ఆ తాడు ప్రయాణికుల రవాణాకు తగిన ధ్రువీకరణ పొందినది కాదని ప్రాథమిక దర్యాప్తులో తేలింది. మన వద్ద లిఫ్టుల, బోర్ల, వీధిదీపాల నిర్వహణ ఎలా ఉందో తెలిసిన వారికి ఈ హెచ్చరిక విలువ తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2022-23 బడ్జెట్‌లో ‘పర్వతమాల’ పేరిట రోప్‌వేల పథకాన్ని ప్రకటించింది. వారణాసిలో నగర రవాణా కోసం రోప్‌వేకు 2023 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఇటువంటి పథకాలు మన జిల్లాకు వస్తే ఆహ్వానించవలసిందే. కానీ మార్గాన్ని నిర్ణయించేటప్పుడు పర్యాటకుని దృష్టితో పాటు కొండపై నివసించే వారి అవసరాన్నీ చూడాలి. దశాబ్దం తర్వాత రాబోయే తీగ మార్గాన్ని చూపి ఈ ఏడాది వేయవలసిన రెయిలింగును వాయిదా వేయడం తగదు.

హక్కుగా గుర్తించిన న్యాయస్థానం

పాదచారుల బాటలను వినియోగించుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దివ్యాంగులకు అందుబాటులో ఉండేలా కాలిబాటలు నిర్మించాలని, ఆక్రమణలు తొలగించాలని సూచించింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనాల కదలిక కంటే మనుషుల కదలికకు ప్రాధాన్యమివ్వాలని పేర్కొంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా సదుపాయాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలని శాసిస్తోంది. మైదానంలో రోడ్డు పక్కనున్న ఫుట్‌పాత్‌కు వర్తించే న్యాయం కొండపై మెట్లదారికీ వర్తించాలి. ఎందుకంటే అక్కడ ఫుట్‌పాత్, రోడ్డు, వీధి అన్నీ ఆ మెట్లే.

ఇక్కడ మరో చిక్కుముడి ఉంది. కొండ ఇళ్లలో పలువురికి సరైన పట్టాలు లేవు. ఆక్రమణ అన్న ముద్ర ఉన్న చోట శాశ్వత నిర్మాణాలు చేపట్టేందుకు అధికారులు వెనుకాడుతారు. దారి వెడల్పు చేయాలంటే ఎవరి అరుగు, ఎవరి మెట్టు తొలగించాలన్న వివాదం తలెత్తుతుంది. ఇళ్లకు పన్నులు, నీటి ఛార్జీలు వసూలు చేస్తూ, ఓట్లు అడుగుతూ, దారి వద్దకు వచ్చేసరికి మాత్రం పట్టా గురించి ప్రశ్నించడం న్యాయం అనిపించుకోదు. అదే సమయంలో తమ అరుగును మెట్లపైకి పొడిగించుకున్న వారు కూడా ఆ దారిన రేపు తమ ఇంటి రోగినే మోసుకు వెళ్లవలసి వస్తుందని గ్రహించాలి.

చేపట్టవలసిన పనులు

తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో చేయదగిన పనులు అనేకం ఉన్నాయి. ప్రాధాన్య క్రమంలో వాటిని ఇలా చెప్పుకోవచ్చు.

* కొండ ప్రాంతాల్లోని ప్రతి మెట్లదారికి సంఖ్య కేటాయించి, మెట్ల సంఖ్య, వెడల్పు, రెయిలింగు, దీపాలు, కాలువల స్థితిని నమోదు చేయాలి. దారికి సంఖ్య ఉంటే 108 సిబ్బందికి, అగ్నిమాపక సిబ్బందికి చిరునామా చెప్పడం సులభమవుతుంది.

* మరమ్మతులు మొదలుపెట్టే ముందు నీటి పారుదలను సరిచేయాలి. మెట్ల పక్కన మూతలున్న కాలువ, కొండ ఎగువన నీటిని పక్కకు మళ్లించే కాలువ లేకుండా పోసే కాంక్రీటు రెండు వానాకాలాలు కూడా నిలవదు.

* ప్రమాదకరమైన వాలుల వద్ద రక్షణ గోడలు నిర్మించాలి. గోడ వెనుక చేరే నీరు బయటకు పోయేందుకు రంధ్రాలు తప్పనిసరి. అవి లేని గోడ నీటి ఒత్తిడికి తానే కూలి ప్రమాదకారి అవుతుంది.

* ప్రతి దారికీ కనీసం ఒక పక్కన రెయిలింగు, ప్రతి మలుపు వద్ద దీపం ఉండాలి. మెట్ల అంచులకు పసుపు రంగు పూస్తే చూపు మందగించిన వృద్ధులకు మేలు జరుగుతుంది.

* విశ్రాంతి అరుగుల వద్ద సిమెంటు బల్ల, వీలైన చోట నీడనిచ్చే చెట్టు లేదా రేకుల పందిరి ఏర్పాటు చేయాలి. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండలో కొండ ఎక్కేవారికి ఇది సౌఖ్యం కోసం కాదు, వడదెబ్బ నుంచి కాపాడుకోవడానికి.

* స్తంభాలు, గొట్టాలను దారి మధ్య నుంచి పక్కకు మార్చాలి. విద్యుత్తు, నీటి సరఫరా, ఇంజినీరింగ్ విభాగాలు ఎవరికి వారు తవ్వకుండా ఒకేసారి పని పూర్తి చేయాలి.

* ప్రతి కొండవాడలో మలుపు తిరిగేందుకు అనువైన తేలికపాటి మడత స్ట్రెచరును వార్డు సచివాలయంలో గానీ అంగన్‌వాడీ కేంద్రంలో గానీ ఉంచి, స్థానిక యువతకు దానిని మోయడంలో శిక్షణ ఇవ్వాలి.

* సిమెంటు, సిలిండర్లు, చెత్త డబ్బాల వంటి బరువులను పైకి, కిందికి చేర్చేందుకు అనువైన చోట చిన్న సరకు లిఫ్టును ప్రయోగాత్మకంగా ఏర్పాటు చేసి, దాని నిర్వహణ తీరును గమనించిన తర్వాతే మనుషుల లిఫ్టులపై నిర్ణయం తీసుకోవాలి.

కొండ దిగిన తర్వాత కూడా పాదచారికి భద్రత ఉండాలన్నది మరువరాదు. మెట్లు ముగిసే చోటే వాహనాలు దూసుకుపోయే రోడ్డు మొదలవుతుంది. అక్కడ వేగ నిరోధకం, రోడ్డు దాటేందుకు గీతలు, బస్సు ఆగే స్థలం ఉంటేనే ప్రయాణం పూర్తయినట్లు లెక్క. మెట్ల మొదట్లో అడ్డంగా నిలిపే ద్విచక్ర వాహనాల కోసం కొండ పాదాన చిన్నపాటి పార్కింగు స్థలం కేటాయించడం కూడా అవసరం. ఇంటి ముందుకు బండి రాని వారు తమ వాహనాన్ని కొండ కిందే వదిలి వెళ్లాలి కదా.

బాధ్యత ఎవరిది?

నగరంలోని 64 డివిజన్లలో కొండ ప్రాంతాలు ఉన్న డివిజన్లకు ప్రత్యేక నిధి కేటాయించడం తొలి అడుగు కావాలి. ప్రస్తుతం మెట్ల నిర్మాణం, కాలువ, దీపం, రక్షణ గోడ వేర్వేరు పద్దుల కింద, వేర్వేరు టెండర్లుగా సాగడం వల్ల ఒకటి పూర్తయ్యేసరికి మరొకటి పాడవుతోంది. ఒక కొండను ఒక యూనిట్‌గా తీసుకుని నీటి పారుదల నుంచి దీపం వరకు ఒకే ప్రణాళిక కింద పని చేస్తే ఖర్చూ తగ్గుతుంది, జవాబుదారీతనమూ పెరుగుతుంది. ఏటా వర్షాకాలానికి ముందే, అంటే మే నెలాఖరులోగా, ప్రతి మెట్లదారిని ఇంజినీర్లు స్వయంగా నడిచి తనిఖీ చేసి, ఆ నివేదికను వార్డు సచివాలయంలో ప్రజలకు కనిపించేలా ఉంచాలి. ఏ దారి ప్రమాదకరమో, ఏ దారి మరమ్మతు ఎప్పటికి పూర్తవుతుందో తెలుసుకునే హక్కు ఆ దారిన నడిచేవారికి ఉంది.

రాజధాని ప్రాంతానికి ముఖద్వారమైన విజయవాడలో రానున్న కాలంలో భారీ రవాణా ప్రాజెక్టులు రూపుదిద్దుకోనున్నాయి. వాటి అంచనా వ్యయాలతో పోల్చితే కొండ మెట్లకు కావలసిన మొత్తం స్వల్పమే. ప్రజాప్రతినిధులు, అధికారులు శంకుస్థాపనలకు కొండ దిగువ వరకు మాత్రమే వచ్చి వెళ్లకుండా, వాన వెలిసిన ఒక సాయంత్రం నిండు బిందెతో కాకపోయినా ఒట్టి చేతులతోనైనా 200 మెట్లు ఎక్కి చూస్తే ఏ పని ముందు చేయాలో వారికే తెలుస్తుంది. వచ్చే వర్షాకాలం నాటికి కనీసం ప్రమాదకర దారులకైనా రెయిలింగులు, కాలువలు, దీపాలు సమకూర్చాలని కొండ ప్రాంత వాసులు ఎదురు చూస్తున్నారు.